కలిపినదాన్ని విడదీసే లెక్క

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా కరువు భత్యం బకాయిలు, వైద్య ఖర్చుల బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్లు, ఇవే మాట్లాడుకుంటూ ఉంటాం. అవి అవసరమే. కాదనను. అయితే ఈసారి ప్రత్యేక సంచిక వేస్తున్నాం కాబట్టి మీకు తోచిన విషయం మీద అరగంట మాట్లాడండి అని కార్యదర్శిగారు అన్నారు. నేను చెప్పిన విషయం విని పక్కనున్న మిత్రులు ఇద్దరు నవ్వారు. ఆ విషయం ఏమిటంటే, పాలలో నీళ్ళు కలిపే లెక్క, రెండు ధరల బియ్యం కలిపే లెక్క. బీజగణితం పుస్తకంలో "మిశ్రమాలు" అని ఒక అధ్యాయం ఉంటుంది చూశారూ, అది.

ఈ వయసులో ఇదేమి విషయం అనుకోవచ్చు. రెండు కారణాలు మనవి చేస్తాను. ఒకటి, మన మనవలు, మనవరాళ్ళు లెక్కల పుస్తకంలో ఎక్కడ ఆగిపోతున్నారో గమనించండి. కూడికలు, గుణకారాలు చేస్తారు. సమీకరణం ఇస్తే సాధిస్తారు. మాటల్లో లెక్క ఇస్తే మాత్రం పేజీ తిప్పేస్తారు. "నాకు లెక్కలు రావు" అనే మాట పుట్టేది అక్కడే. ఆ మాట ఒకసారి నోట పడితే దానివెంట చాలా దారులు మూసుకుపోతాయి. రెండు, ఈ లెక్క బడిలో వదిలేసినా బజారులో మనల్ని వదలదు. బంగారం మార్చుకునేచోట, ధాన్యం అమ్ముకునేచోట, బ్యాంకులో డబ్బు వేసుకునేచోట అదే లెక్క ఎదురవుతుంది. అక్కడ మార్కులు పోవు, డబ్బు పోతుంది.

ముందు ఈ లెక్క ఎంత పాతదో రెండు ముక్కల్లో చెప్తాను. ఇది ఇంగ్లీషువారు తెచ్చిన చదువు అనుకునేవారున్నారు. క్రీస్తుశకం 850 ప్రాంతంలో మహావీరాచార్యుడనే జైన పండితుడు "గణితసారసంగ్రహం" రాశాడు. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుణ్ణి అందులో కీర్తించాడు. ఆ గ్రంథంలో "మిశ్రక వ్యవహారం" అని ఒక అధ్యాయమే ఉంది. వడ్డీ, అసలు కలిసిపోయిన లెక్కలు, బంగారం కలిపే లెక్కలు, పండ్ల ధరల లెక్కలు అన్నీ అందులో ఉన్నాయి. 11వ శతాబ్దంలో మన పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నన్నయగారి భారతం వెలసిన శతాబ్దమే అది. అంటే తెలుగులో కావ్యమూ గణితమూ ఇంచుమించు ఒకే కాలంలో మొదలయ్యాయన్నమాట. తరువాత 1150లో భాస్కరాచార్యుడు "లీలావతి"లో బంగారం కలిపే లెక్కను ఎంతో చక్కగా చెప్పాడు. దాన్ని తరువాత చేసి చూద్దాం.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, మండల ఆఫీసులో పదవీ విరమణ చేసినవాణ్ణి. నాకు తెలిసిన గణితం రిజిస్టర్ల గణితం. మిశ్రమాల లెక్కకు అదే చాలు. ఎలాగో చెప్తాను.

మనలో రెవెన్యూలో పనిచేసినవారికి గోష్వారా తెలుసు. కాలమ్‌లు గీసి, కింద మొత్తాలు వేస్తాం. విస్తీర్ణం కాలమ్‌కు మొత్తం వేస్తాం. శిస్తు కాలమ్‌కు మొత్తం వేస్తాం. మధ్యలో ఎకరానికి ఎంత అనే దర కాలమ్ ఉంటుంది. దానికి మొత్తం వేస్తామా? వెయ్యం. అక్కడ చిన్న గీత గీసి వదిలేస్తాం. ఎందుకని ఎవరూ మనకు విడమరచి చెప్పలేదు, మనమూ అడగలేదు. దరలు కూడితే అర్థం లేని అంకె వస్తుందని చేతికే తెలిసిపోయింది.

మిశ్రమాల లెక్కలో ఉన్న కీలకం మొత్తం ఆ చిన్న గీతలోనే ఉంది. తూకాలు కలుస్తాయి. విలువలు కలుస్తాయి. దరలు కలవవు. కిలోకు ఇంత, నూటికి ఇంత, లీటరుకు ఇంత అని చెప్పేవన్నీ దరలే. శాతం కూడా దరే. బంగారం క్యారెట్టు కూడా దరే. వాటిని కూడకూడదు, వాటికి నేరుగా సగటు తియ్యకూడదు. ముందు తూకంతో గుణించి విలువగా మార్చాలి. విలువలు కూడాలి. చివర తూకాల మొత్తంతో భాగించాలి. అప్పుడు కొత్త దర వస్తుంది.

మా పక్కింట్లో ఒక అమ్మాయి ఉంది. తండ్రి ఆటో నడుపుతాడు. ట్యూషన్ పెట్టించే స్తోమత లేదు. పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చి, "బాబాయిగారూ, పాలిటెక్నిక్ చదువుతానని చిన్నప్పటినుంచీ అనేది. ఇప్పుడేమో లెక్కలున్న చదువు వద్దంటోంది. కాస్త మీరైనా అడగండి" అంది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలో లెక్కలు తప్పవు కదా. పిల్లను పుస్తకం తెమ్మన్నాను. ఆగిపోయిన లెక్క ఇది: కిలో 60 రూపాయల బియ్యం, కిలో 45 రూపాయల బియ్యం కలిపి, కిలో 50 రూపాయలు పడేలా 30 కిలోలు తయారు చెయ్యాలి. ఏవి ఎన్ని కిలోలు?

"తాతగారూ, 60, 45 కూడి చూశాను, 105 వచ్చింది. తరువాత ఏం చెయ్యాలో తెలియలేదు" అంది.

"ఆ 105 ఏమిటమ్మా? రూపాయలా, కిలోలా?" అని అడిగాను.

కాసేపు ఆలోచించి, "ఏదీ కాదు తాతగారూ" అంది.

ఏదీ కాని అంకె వచ్చిందంటే ఆ కూడిక చెయ్యకూడదన్నమాట. అది తనంతట తనే చెప్పింది. అప్పుడు కాగితం మీద గోష్వారా గీయించాను. అడ్డంగా మూడు వరుసలు: మొదటి బియ్యం, రెండో బియ్యం, కలిపినవి. నిలువుగా మూడు కాలమ్‌లు: కిలోలు, దర, విలువ. ప్రశ్నలో తెలిసినవన్నీ వాటి గళ్ళలో వెయ్యమన్నాను. కలిపిన వరుసలో 30 కిలోలు, దర 50, కాబట్టి విలువ 1500. రెండు బియ్యాల దరలు 60, 45. మిగిలినవి ఖాళీ గళ్ళు. "ఇక ఈ ఖాళీలు నింపడమే లెక్క" అన్నాను.

ఎలా నింపాలి? మొత్తం 30 కిలోలూ చవక బియ్యమే అనుకుందాం. 30ని 45తో గుణిస్తే 1350. మనకు కావలసింది 1500. లోటు 150. ఒక కిలో చవక బియ్యం తీసేసి, దాని బదులు ఒక కిలో ఖరీదు బియ్యం వేస్తే 15 రూపాయలు పెరుగుతుంది. 150 పెరగాలంటే 10 కిలోలు మార్చాలి. కాబట్టి 60 రూపాయల బియ్యం 10 కిలోలు, 45 రూపాయల బియ్యం 20 కిలోలు. సరి చూసుకుందాం: 600, 900 కలిపితే 1500. గోష్వారా టాలీ అయింది.

ముందు ఒక సంఖ్య అనుకుని, తేడా చూసి సరిదిద్దుకునే పద్ధతి మనవాళ్ళకు కొత్తది కాదు. లీలావతిలో "ఇష్టకర్మ" అని ఉంది. ఏదో ఒక ఇష్టసంఖ్యను ఊహించుకుని లెక్క చేసి, వచ్చిన ఫలితాన్నిబట్టి అసలు సంఖ్య రాబట్టడం. మనం ఇక్కడ చేసింది దానికి దగ్గరి చుట్టమే.

మరి బీజగణితం ఎక్కడుంది అని అడగవచ్చు. మన పూర్వులు తెలియని సంఖ్యను "యావత్తావత్" అనేవారు. ఎంతో అంత అని అర్థం. రాతలో క్లుప్తంగా "యా" అని వేసేవారు. రెండోది, మూడోది తెలియనివి ఉంటే కాలకం, నీలకం, పీతకం అని రంగుల పేర్లు పెట్టేవారు. ఇప్పుడు పిల్లలు ఎక్స్, వై అంటున్నారు. మనం "య" అందాం. ఖరీదు బియ్యం య కిలోలైతే చవక బియ్యం 30 − య కిలోలు. విలువల కాలమ్ కూడితే:

60య + 45(30 − య) = 1500
60య + 1350 − 45య = 1500
15య = 150
య = 10

చూశారా, ఇందులో వచ్చిన 1350, 150, 15 అన్నీ మనం నోటితో చేసిన లెక్కలో వచ్చినవే. బీజగణితం వేరే విద్య కాదు. మనం మనసులో చెప్పుకున్న మాటలనే అక్షరాల్లో వేసింది. ఈ సంగతి తెలిశాక ఆ పిల్ల ముఖంలో భయం కొంత తగ్గింది. ఆరోజు అదే అధ్యాయంలో మరి నాలుగు లెక్కలు చేసింది. ఇప్పుడు పదో తరగతిలో ఉంది. రేపు పరీక్షలో ఎలా చేస్తుందో నేను జోస్యం చెప్పను. మాటల లెక్క కనబడగానే పేజీ తిప్పడం మాత్రం మానేసింది. ఆమె తల్లి కోరినదీ అంతే.

పిల్లలకు చెప్పవలసిన మరొక మాట ఉంది. జవాబు రాసేముందు దాన్ని ఒకసారి కళ్ళతో తూచాలి. 60కి, 45కి మధ్యలో ఉన్న దరే కలుపులో వస్తుంది. 65 పడేలా కలపమంటే ఎవరివల్లా కాదు. 40 పడేలా కూడా కాదు. అలాగే 50 అనేది 45కు దగ్గర, 60కి దూరం. కాబట్టి 45 రూపాయల బియ్యమే ఎక్కువ పడాలి. జవాబు తారుమారుగా వస్తే లెక్క మళ్ళీ చూసుకోవాలని అక్కడే తెలిసిపోతుంది.

ఈ దగ్గర దూరాలతోనే ఇంకా సులువైన దారి ఒకటి ఉంది. పాల డెయిరీల్లో పనిచేసేవారు వాడతారు. ఇంట్లో ఆడవారికి పనికివచ్చే ఉదాహరణే చెప్తాను. ఫుల్ క్రీమ్ పాలలో వెన్న 6 శాతం. డబుల్ టోన్డ్ పాలలో ఒకటిన్నర శాతం. డాక్టరుగారు టోన్డ్ పాలు, అంటే 3 శాతం వెన్న ఉన్నవి తాగమన్నారు. దుకాణంలో ఆ ప్యాకెట్లు అయిపోయాయి, ఈ రెండే ఉన్నాయి. ఎలా కలపాలి? 6కు, 3కు తేడా 3. 3కు, ఒకటిన్నరకు తేడా ఒకటిన్నర. ఈ తేడాలను తిరగవెయ్యాలి. ఫుల్ క్రీమ్ ఒకటిన్నర పాళ్ళు, డబుల్ టోన్డ్ 3 పాళ్ళు. అంటే ఒక లీటరుకు రెండు లీటర్లు. సరి చూడండి. ఒక పాలు 6, రెండు పాళ్ళు ఒకటిన్నర చొప్పున 3, కలిపి 9. మూడు పాళ్ళకు పంచితే 3. ఎందుకు తిరగవెయ్యాలి అంటే, కావలసిన దరకు దగ్గరగా ఉన్న సరుకే ఎక్కువ పడాలి కాబట్టి.

పాలు అనగానే నీళ్ళు గుర్తుకు రావడం సహజం. పాలవాడు కొన్న ధరకే అమ్ముతున్నానంటాడు. అయినా నూటికి 20 లాభం వస్తుంది. అతని పాలలో నీళ్ళెన్ని? నూటికి 20 అనేస్తారు చాలామంది. కాదు. నీళ్ళ దర కాలమ్‌లో సున్న వెయ్యండి. సున్న కూడా అంకే. 5 లీటర్ల పాలకు ఇచ్చిన డబ్బు మీద 20 శాతం లాభమంటే, 6 లీటర్ల డబ్బు రావాలి. కాబట్టి 5 లీటర్ల పాలకు ఒక లీటరు నీళ్ళు. మన చెంబులో పడేదానిలో నీళ్ళు ఆరో వంతు, అంటే నూటికి పదహారు, పదిహేడు మధ్య. లాభం లెక్కేసింది పాల మీద, నీళ్ళు లెక్కేసింది కలిపిన దాని మీద. "దేనిమీద శాతం?" అని అడగడం నేర్పితే పాలకు పాలు, నీళ్ళకు నీళ్ళు వాటంతటవే విడిపోతాయి.

ఇప్పుడు భాస్కరాచార్యుని బంగారం లెక్క చూద్దాం. నాలుగు బంగారపు ముక్కలు. తూకాలు 10, 4, 2, 4 మాషాలు. వాటి వన్నెలు వరుసగా 13, 12, 11, 10. అన్నీ కరిగించి కలిపితే వన్నె ఎంత? గోష్వారా వేద్దాం. 130, 48, 22, 40. మొత్తం 240. తూకం 20. కాబట్టి వన్నె 12. ఇంతవరకు మనకు తెలిసిందే. ఆయన ఇంకొక ప్రశ్న వేశాడు. ఈ 20 మాషాలను పుటం పెడితే మలినం పోయి 16 మాషాలు మిగిలింది. ఇప్పుడు వన్నె ఎంత? పోయింది మలినమే, బంగారం పోలేదు. కాబట్టి ఆ 240 అలాగే ఉంటుంది. 16తో భాగిస్తే 15. తూకం మారింది, దర మారింది, విలువ మారలేదు. ఏది మారిందో చూసేవాడు తికమక పడతాడు. ఏది మారలేదో చూసేవాడికి లెక్క చేతికి చిక్కుతుంది.

ఇది మన ఇళ్ళకు ఎలా వర్తిస్తుందో చెప్తాను. ఇప్పుడు వన్నె 24 క్యారెట్ల కొలతలో చెప్తున్నారు. 22 క్యారెట్ల నగ మీద 916 అని ముద్ర ఉంటుంది. వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు మేలిమి అని దాని అర్థం. మీ దగ్గర 22 క్యారెట్ల పాత గాజులు 20 గ్రాములు, 18 క్యారెట్ల గొలుసు 10 గ్రాములు ఉన్నాయి. రెండూ కరిగించి కొత్త నగ చేయిస్తున్నారు. "22, 18 కలిస్తే 20 క్యారెట్లండీ" అని ఎవరైనా తేలిగ్గా అనేస్తే తల ఊపకండి. 20ని 22తో గుణిస్తే 440. 10ని 18తో గుణిస్తే 180. మొత్తం 620. 30తో భాగిస్తే 20 పైన మూడింట రెండు వంతులు. మేలిమి లెక్కలో చూస్తే 620ని 24తో భాగిస్తే 25 గ్రాముల 83 సెంటీగ్రాములు. 20 క్యారెట్లని ఒప్పుకుంటే 25 గ్రాములే. ముప్పాతిక గ్రాము పైన మేలిమి బంగారం ఒక్క తల ఊపులో పోయింది. గ్రాము ధర ఎంతో మీకు నేను చెప్పనక్కరలేదు.

మనలో చాలామందికి ఊళ్ళో ఎకరమో అరెకరమో ఉంది. అందుకని ధాన్యం సంగతి కూడా చెప్పాలి. కొనుగోలు కేంద్రాల్లో వడ్లకు 17 శాతం వరకు తేమ అనుమతిస్తారు. మీ వడ్లలో 22 శాతం తేమ ఉంది. ఎండబెట్టి 17కు తెచ్చారు. 100 కిలోలు ఎన్ని కిలోలవుతాయి? 22లో 17 పోతే 5, కాబట్టి 95 అనుకుంటారు. కాటా మీద 94 తూగుతుంది. కిలో ఎవరో కాజేశారని కూలివాళ్ళ మీద అనుమానం పడతారు. ఇక్కడ కూడా భాస్కరుని ప్రశ్నే వెయ్యాలి. మారనిది ఏది? గింజలోని పొడి భాగం. 22 తేమ పోతే అది 78 కిలోలు. ఎండిన తరువాత అదే 78 కిలోలు నూటికి 83 పాళ్ళు అవుతుంది. 78ని 83తో భాగించి నూరుతో గుణిస్తే దాదాపు 94. కాబట్టి తరుగు 5 కాదు, 6 కిలోలు. ఈ లెక్క తెలిస్తే కూలివాడి మీద అన్యాయంగా మాట పడదు. అలాగే తేమ తరుగు పేరుతో నూటికి 9, 10 కిలోలు కొట్టేస్తామని ఎవరైనా అంటే, అయ్యా, లెక్క ప్రకారం 6 కిలోలే, మిగతాది దేనికో చెప్పండి అని గట్టిగా అడగవచ్చు. లెక్క ఎవరి పక్షమూ కాదు. అందుకే దాని మాటకు విలువ.

ధరల లెక్కలకు వస్తే మహావీరాచార్యుని లెక్క ఒకటి నాకు చాలా ఇష్టం. 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు కలిపి 101. ఒక్కొక్క పండు ధర ఎంత? పిల్లలు వెంటనే ఎక్స్, వై పెట్టి పెద్ద పెద్ద గుణకారాలకు దిగుతారు. తప్పు కాదు. కాని కాస్త ఆగి చూస్తే ఇందులో ఒక అందం ఉంది. రెండు బేరాలూ కలిపెయ్యండి. 16 మాదీఫలాలు, 16 వెలగపండ్లు, 208. అంటే జత ధర 13. ఇప్పుడు మొదటి బేరంలోంచి రెండోది తీసెయ్యండి. మాదీఫలాలు 2 ఎక్కువ, వెలగపండ్లు 2 తక్కువ, ధర 6 ఎక్కువ. అంటే ఒక మాదీఫలం వెలగపండు కంటే 3 ఎక్కువ. జత 13, తేడా 3. ఇక నోటితోనే వస్తుంది: మాదీఫలం 8, వెలగపండు 5. ఈ గ్రంథాన్ని 1912లో మద్రాసులో ఎం. రంగాచార్యగారు ఇంగ్లీషు అనువాదంతో సహా అచ్చు వేయించబట్టి లోకానికి తెలిసింది.

కూరగాయల బజారుకు వెళ్ళేవారికి ఒక చిన్న ప్రశ్న. ఒక వారం టమాటా కిలో 20, మరుసటి వారం 30. సగటున కిలో ఎంత పడింది? 25 అంటారు. రెండు వారాలూ కిలో చొప్పున కొన్నవారికి 25 నిజమే. కాని "వారానికి 60 రూపాయల టమాటాలు" అని కొనేవారికి మొదటి వారం 3 కిలోలు, రెండో వారం 2 కిలోలు వచ్చాయి. 5 కిలోలకు 120 రూపాయలు. కిలో 24. ఒకే బజారు, ఒకే ధరలు, రెండు సగటులు. చవకగా ఉన్నప్పుడు ఎక్కువ, ఖరీదుగా ఉన్నప్పుడు తక్కువ కొన్నారు కాబట్టి ఆ తేడా వచ్చింది.

చివరగా మన సొంత సంగతి. పదవీ విరమణ డబ్బు 10 లక్షలు ఉన్నాయనుకోండి. ఒకచోట 8 శాతం వడ్డీ, కాని గడువుకు ముందు తీస్తే నష్టం. ఇంకొకచోట ఆరున్నర శాతం, ఎప్పుడు కావాలన్నా తీసుకోవచ్చు. మీకు సంవత్సరానికి 72,500 వడ్డీ వస్తే చాలు. ఎంత డబ్బు కదలకుండా కట్టెయ్యాలి? బియ్యం లెక్కే. అంతా ఆరున్నరకు వేస్తే 65,000. లోటు 7,500. ఒక లక్ష అటునుంచి ఇటు మారిస్తే 1,500 పెరుగుతుంది. కాబట్టి 5 లక్షలు మారిస్తే చాలు. మిగతా 5 లక్షలు అవసరానికి చేతికి అందుబాటులో ఉంటాయి. నాలుగు రూపాయలు వడ్డీ ఎక్కువని మొత్తం ఒకచోటే కట్టేసి, ఆసుపత్రి ఖర్చు వచ్చినప్పుడు ఇబ్బంది పడినవారు మనలో ఉన్నారు. ఎంత కట్టాలో, ఎంత విడిగా ఉంచుకోవాలో ఈ నాలుగు వరుసల లెక్క చెప్తుంది.

ఇన్ని ఉదాహరణలు ఎందుకు చెప్పానంటే, బియ్యం, పాలు, బంగారం, వడ్లు, వడ్డీ అన్నీ వేర్వేరు లెక్కలని పిల్లలు అనుకుంటారు. పుస్తకంలో వేర్వేరు పేజీల్లో ఉంటాయి మరి. నిజానికి అన్నీ ఒక్క గోష్వారాలోనే ఇముడుతాయి. పిల్లలకు నేర్పేటప్పుడు నాలుగు ప్రశ్నలు వరుసగా అడిగితే చాలు. ఇందులో తూకం ఏది? దర ఏది? విలువ ఏది? కలిపినా, ఎండబెట్టినా, కరిగించినా మారనిది ఏది? ఈ నాలుగింటికి జవాబు వస్తే "య" ఎక్కడ పెట్టాలో పిల్లలకే తెలుస్తుంది.

ఇది చెప్పడానికి పెద్ద చదువు అక్కరలేదు. నిజానికి మనకంటే తగినవారు లేరు. నలభై ఏళ్ళు అర్జీలు చదివాం. అర్జీదారు నాలుగు పేజీలు రాసినా, అతను కోరేది ఏమిటి, ఇచ్చిన వివరాలు ఏమిటి, లేని కాగితం ఏమిటి అని మూడు వాక్యాల్లో నోట్ పెట్టాం. మాటల లెక్క కూడా ఒక అర్జీయే. దాన్ని ఓపికగా చదివించడమే ఈ రోజుల్లో కరువైంది. బడిలో ఉపాధ్యాయులకు అరవైమంది పిల్లలు, ముగించవలసిన సిలబస్. ఇంట్లో తల్లిదండ్రులకు ఉద్యోగాలు, కూలి పనులు. తీరిక ఉన్నది మనకే.

కాబట్టి కార్యవర్గం వారికి ఒక మనవి. మన సంఘ భవనం ఆదివారం ఉదయం ఖాళీగానే ఉంటుంది. ఆ రోజు ఒక గంట, చుట్టుపక్కల వీధుల్లో ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు చదివే పిల్లలకు ఈ లెక్కలు కూర్చోబెట్టి చెయిద్దాం. ఫీజు వద్దు, బోర్డు వద్దు, ఆర్భాటం వద్దు. నాలుగు బెంచీలు, ఒక నల్లబల్ల ఉంటే చాలు. వచ్చే ఆదివారం నుంచి నేను వస్తాను. ఇంకొక ఇద్దరు తోడుంటే ఒకరికి ఒంట్లో బాగుండకపోయినా పని ఆగదు. సభ ముగిసిన తరువాత పేర్లు కార్యదర్శిగారికి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

వెళ్ళేముందు ఇంటికి ఒక లెక్క ఇస్తాను. కాఫీ పొడి కిలో 800, చికోరీ కిలో 200 అనుకోండి. రెండూ కలిపిన పొడి లాభం లేకుండా కిలో 620 పడింది. ఆ కిలోలో చికోరీ ఎన్ని గ్రాములు? జవాబు నేను చెప్పను. సాయంత్రం కాఫీ తాగుతూ మనవళ్ళనో మనవరాళ్ళనో పక్కన కూర్చోబెట్టుకుని మూడు కాలమ్‌లు గీయించండి. వాళ్ళు చేస్తారు.